వద్దన్నవారికే కుర్చీ

1913 మే 26. బాపట్ల.

రోహిణి కార్తె అప్పుడే అడుగుపెట్టింది. రోళ్లు పగిలే ఎండ అంటారే, అదే. ఐదారు మైళ్లలో సముద్రం ఉంది గానీ గాలి ఇంకా లేవలేదు. సభలో తాటాకు విసనకర్రలు టపటపలాడుతున్నాయి. తలపాగాల కింద నుంచి చెమట చెంపల మీదికి జారుతోంది. ప్రతినిధులు సుమారు 800 మంది. చూడ్డానికి వచ్చిన జనం మరో 2,000. తెలుగు జిల్లాలన్నీ ఒక్క సభగా కూడటం అదే మొదటిసారి. ఎండకు ఎవరూ లేచి వెళ్లలేదు. అందరూ ఒక్క తీర్మానం కోసం కాచుకుని కూర్చున్నారు.

అధ్యక్షుడి కుర్చీలో బయ్యా నరసింహేశ్వర శర్మ. విశాఖపట్నం మనిషి, మద్రాసు శాసన మండలిలో పేరున్న గొంతు. ఆయన తలూపారు. వేమవరపు రామదాసు పంతులు లేచారు. విసనకర్రల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. తెలుగు జిల్లాలను మద్రాసు నుంచి విడదీయాలి, వేరే రాష్ట్రం చెయ్యాలి. అంతే ఆయన తెచ్చిన మాట. ఆ మాట నోట్లోంచి పడీ పడకముందే కుర్రకారు చేతులు చరిచింది.

చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఓ పెద్దాయన లేచి నిలబడ్డారు. యాభై ఏడేళ్లు. రాజమండ్రి నుంచి వచ్చారు. 1878లో మద్రాసులో ఆరుగురు కుర్రాళ్లు కలిసి ‘హిందూ’ పత్రిక పెడితే, ఆ ఆరుగురిలో ఒకరు. న్యాపతి సుబ్బారావు పంతులు. ఆయన లేచారంటే తీర్మానానికి ఇక తిరుగుండదని వెనక వరుసల్లో చాలామంది అనుకుని ఉంటారు.

ఆయన వద్దన్నారు.

*

ఈ కథ మొదలైంది బాపట్లలో కాదు. గుంటూరులో. అంతకు రెండేళ్ల కిందట.

గుంటూరు అప్పటికి కొత్త జిల్లా. 1904లో కృష్ణా జిల్లాలో కొంత ముక్కను, నెల్లూరు జిల్లాలో కొంత ముక్కను కోసి కలిపి చేసింది. జిల్లా వచ్చిందంటే కోర్టు వస్తుంది. కోర్టు వచ్చిందంటే ప్లీడర్లు వస్తారు. బందరులో వకాల్తా చేసుకుంటూ, 1902లో ‘కృష్ణా పత్రిక’ పెట్టిన కొండా వెంకటప్పయ్య కూడా అలా సొంతూరికి తిరిగొచ్చినవారే. పాత గుంటూరులో పుట్టిన మనిషి. నల్లరేగడి పొలాల్లో పత్తి తీత అయ్యాక, మిరపకాయల కోరు గాలిలో తేలుతుంటే, సాయంత్రాలు చదువుకున్న కుర్రాళ్లంతా ఒకచోట చేరేవాళ్లు. దాని పేరు యంగ్‌మెన్స్ లిటరరీ అసోసియేషన్. పేరుకు సాహిత్యం. మాట్లాడుకునేది మాత్రం వేరు.

1911 డిసెంబర్ 12న ఢిల్లీ దర్బారులో జార్జి చక్రవర్తి బెంగాల్ విభజనను రద్దు చేశాడు. బెంగాలీ మాట్లాడేవాళ్లంతా మళ్లీ ఒక్కటయ్యారు. బిహారుకు వేరే దారి దొరికింది. ఆ వార్త గుంటూరు చేరింది. మరి మనం? మద్రాసు ప్రెసిడెన్సీలో నూటికి నలభైమంది దాకా తెలుగువాళ్లే. నేలలో సగానికి పైగా తెలుగు నేలే. ఉద్యోగాల దగ్గరకొచ్చేసరికి పేర్లు వెతుక్కోవాలి.

మాటలు చాలలేదు. బొమ్మ కావలసి వచ్చింది. జొన్నవిత్తుల గురునాథం, ఉన్నవ లక్ష్మీనారాయణ కూర్చుని, ఉత్తరాన గంజాం కొండల దగ్గర మొదలుపెట్టి విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు మీదుగా కోస్తా వెంట దిగి, అక్కడి నుంచి చిత్తూరు, కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి వైపు మళ్లి, కాగితం మీద అంతకుముందు ఏ సర్కారూ గీయని ఒక గీత గీశారు. ఇవాళ గుంటూరు బ్రాడీపేట లైన్లలో ఏ పుస్తకాల షాపులో అడిగినా ఆంధ్ర పటం చుట్టచుట్టి చేతిలో పెడతారు. ఆ రోజున అలాంటిదొకటి లోకంలో లేదు. వీళ్లు గీసిందే. దాన్ని నలుగురికీ పంచారు.

పటం చేతులు మారింది. చల్లా శేషగిరిరావు లాంటివాళ్లు కలాలు పట్టారు. ఉత్సాహం పొంగింది. ఆ ఊపులో 1912 మేలో నిడదవోలులో కృష్ణా, గుంటూరు జిల్లాల సభ జరిగితే, వేరే రాష్ట్రం సంగతి అక్కడే తేల్చెయ్యాలనుకున్నారు.

తేలలేదు. రెండు జిల్లాలవాళ్లు కూర్చుని పదకొండు జిల్లాల తలరాత ఎలా రాస్తారన్న మాట వచ్చింది. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. సరే, అందరినీ పిలుద్దాం, వచ్చే ఏడు బాపట్లలో అన్నారు.

పిలిచారు. అందరూ వచ్చారు. వచ్చినవాళ్లలోనే వద్దనేవాళ్లూ ఉన్నారు.

*

మళ్లీ బాపట్ల. న్యాపతివారి మాటల్లో కోపం లేదు. అదే కుర్రాళ్లకు మరీ ఇబ్బందయింది. ఆయన కోరింది ఒక్కటే, తొందరపడొద్దని. తిట్టేవాణ్ణి ఎదుర్కోవచ్చు. నిదానంగా మాట్లాడే పెద్దమనిషిని ఏం చేస్తారు?

ఆయన వెనకే ఏలూరు మోచర్ల రామచంద్రరావు పంతులు. ఆయనదీ అదే ధోరణి. కుర్రకారు ముఖాలు ఎర్రబడ్డాయి. ఇద్దరూ కోస్తావాళ్లే, ఇద్దరూ మనవాళ్లే, ఇంట్లోవాళ్లే కాదంటే బయటివాళ్లకు ఏం చెబుతాం?

ఆ బయటివాళ్లు కూడా సభలోనే ఉన్నారు. గుత్తి నుంచి వచ్చిన కేశవ పిళ్లై లేచారు.

ఈయన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. 1885లో బొంబాయిలో మొట్టమొదటి కాంగ్రెస్ జరిగితే అక్కడ కూర్చున్న మనిషి. 1893లో గుంతకల్లులో తెల్ల సిపాయిలు హంపన్న అనే గేటుకాపరిని కాల్చి చంపితే, ఆ సంగతి పత్రికకెక్కించి దేశానికి చెప్పిన మనిషి. సర్కారుకు భయపడి వద్దంటున్నాడని ఆయన్ని అనలేరు. ఆయన అడిగిన ప్రశ్నకు సభలో ఒక్కరూ వెంటనే పెదవి విప్పలేదు.

దత్త మండలాల సంగతేంటి?

రాయలసీమ అనే పేరు అప్పటికి ఇంకా పుట్టలేదు. 1928 దాకా పుట్టదు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ధారపోసిన జిల్లాలు కాబట్టి దత్త మండలాలు అనేవాళ్లు. కోస్తావాళ్లకు ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే లేచింది. బెజవాడ ఆనకట్ట 1855లో. డెల్టా పచ్చబడింది, వరి పండింది, వరితో డబ్బొచ్చింది, డబ్బుతో చదువొచ్చింది. రాజమండ్రిలో కాలేజీ, బందరులో నోబుల్ కాలేజీ, గుంటూరులో ఏసీ కాలేజీ. అదే కాలంలో, 1876 నుంచి 1878 దాకా, దత్త మండలాల్లో జనం కరువుకు పిట్టల్లా రాలిపోయారు. ఇప్పుడు వేరే రాష్ట్రం వస్తే ఉద్యోగాలు ఎవరికి పోతాయి? నీళ్లు ఎటు పారతాయి? మద్రాసు అరవవాళ్ల పెత్తనం వదిలించుకుని కోస్తా ప్లీడర్ల పెత్తనం నెత్తిన పెట్టుకోవాలా?

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గుంటూరు కుర్రాళ్లు మద్రాసును ఏ ప్రశ్న అడుగుతున్నారో, గుత్తి పెద్దాయన గుంటూరును అదే ప్రశ్న అడిగారు.

సభ గుసగుసలాడింది. లెక్క చూస్తే పటం గీసినవాళ్ల వైపే జనం ఎక్కువ. అనుమానం అక్కర్లేదు. చేతులెత్తమంటే లేచే చేతులు లెక్కపెట్టడానికి అరపూట చాలదు. ఓటు పెడితే గెలుపు. అప్పటికప్పుడే. ఇన్నాళ్ల కష్టానికి ఫలం చేతికందే దూరంలో ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో లిఫ్టు రిపేరు మీద మాటామాటా వస్తే ఏమవుతుందో బ్రాడీపేటలో ఎవరినడిగినా చెబుతారు. మొదట వెటకారం. తర్వాత పాత బాకీల పద్దు. రాత్రికి నలుగురు గ్రూపు వదిలిపోతారు. మెజారిటీవాళ్లు గెలుస్తారు, లిఫ్టు మాత్రం అలాగే ఆగి ఉంటుంది. పదకొండు జిల్లాల సభకు ఆ మధ్యాహ్నం సరిగ్గా ఆ దారే ఎదురుగా తెరిచి ఉంది. దిగడమే తరువాయి.

దిగలేదు.

తీర్మానాన్ని ఓటుకు నెట్టలేదు. ఉపసంహరించుకుని చేతులు దులుపుకోనూ లేదు. ఒక స్థాయీ సంఘం వేశారు. పని ఒక్కటే. జిల్లా జిల్లాకూ వెళ్లాలి. వినాలి. కాదన్నవాళ్ల ఊళ్లకే ముందు వెళ్లాలి. ఆ సంఘం బరువు వెంకటప్పయ్య భుజాన పడింది.

కొందరు కుర్రాళ్లకు అది ఓటమిలాగే కనిపించి ఉంటుంది. రెండేళ్ల కష్టం ఒక కమిటీ పాలైంది. ఇంగ్లీషు దొరల దగ్గర నేర్చుకున్న వాయిదా విద్య ఇంట్లో కూడానా? సాయంత్రానికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. జనం స్టేషను దారి పట్టారు. వెళ్లేవాళ్లలో ఎంతమంది మళ్లీ వస్తారు?

*

కడప. కర్నూలు. అనంతపురం. బళ్లారి. గుంతకల్లు మీదుగా పొగబండిలో బొగ్గు నుసి కళ్లల్లో పడుతుంటే, వెంకటప్పయ్య, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యలాంటివాళ్లు ఆ ఏడు తిరిగారు. కోస్తావాళ్లకు అది కొత్త నేల. ఎర్రమట్టి, బండరాళ్లు, అడుగంటిన చెరువులు. పేరుకు తెలుగే. మాట యాస వేరు, ఆకలి వేరు.

ముట్నూరివారిది మామూలు కలం కాదు. ‘కృష్ణా పత్రిక’ను 1907 నుంచి ఆయనే మోస్తున్నారు. బందరులో కూర్చుని ఒక్క సంపాదకీయంతో కాదన్నవాళ్లను చీల్చి చెండాడగలరు. కానీ పత్రికలో వాదన గెలిచినంత మాత్రాన గుత్తి మనిషి గుంటూరువైపు వచ్చి నిలబడడు. రచ్చబండ దగ్గర ఎదురుగా కూర్చుని, అతను అడిగినదానికి జవాబు చెప్పాలి. జవాబు లేకపోతే లేదని ఒప్పుకోవాలి.

అడిగారు. నీళ్ల సంగతి అడిగారు. కాలేజీల సంగతి అడిగారు. రాజధాని ఎక్కడ పెడతారన్నారు. కొన్నిటికి నచ్చజెప్పగలిగారు. కొన్నిటికి మాటిచ్చి వచ్చారు. ఆ మాటలు కాగితం మీదికి ఎక్కలేదు. ఎక్కకపోవడం వల్ల వచ్చిన చిక్కు తర్వాత చాలా ఏళ్లు వెంటాడింది. ముందు మాత్రం ఇంకో సమస్య నెత్తిమీద ఉంది.

రెండో మహాసభ దగ్గర పడుతోంది. 1914 ఏప్రిల్, బెజవాడ. అధ్యక్షుడు ఎవరు?

పటం గీసినవాళ్లలో ఒకరిని కూర్చోబెట్టొచ్చు. వెంకటప్పయ్యనే కూర్చోబెట్టొచ్చు. ఏడాది పొడవునా తిరిగింది ఆయనే. ఎవరూ కాదనరు. కానీ అధ్యక్ష పీఠానికి వేరే పేరు బయటికొచ్చింది. బాపట్లలో చప్పట్లు ఆగకముందే లేచి వద్దన్న పేరు.

న్యాపతి సుబ్బారావు పంతులు.

*

బెజవాడ ఎండ గురించి చెప్పేదేముంది. ఇంద్రకీలాద్రి రాళ్లు పొద్దున పదింటికే సెగలు కక్కుతాయి. కృష్ణలో నీళ్లు పాయలుగా చీలి, ఇసుక తెల్లగా మెరుస్తుంటుంది. 1914 ఏప్రిల్ 11. మహాసభ కూడింది.

కుర్చీలో న్యాపతివారు. ఎదురుగా అదే తీర్మానం. పీఠంలో కూర్చున్న మనిషి తల్చుకుంటే దాన్ని చర్చకే రానివ్వకుండా అడ్డుకోవచ్చు. రానిచ్చినా ఒక్క మాటతో చప్పగా చల్లార్చొచ్చు. ఏడాది కిందట ఏమన్నాడో అందరికీ గుర్తే. వెనక వరుసల్లో కొందరు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

తీర్మానం వచ్చింది. చర్చ సాగింది. కాదన్నవాళ్లను కాదననిచ్చారు. దత్త మండలాల గొంతులు లేచాయి. ఎవరినీ కేకలేసి కూర్చోబెట్టలేదు. ఆఖరికి ఓటు. అందరి చేతులూ లేవలేదు. కానీ ఎక్కువ చేతులు లేచాయి. ఆంధ్ర జిల్లాలకు వేరే రాష్ట్రం కావాలన్న తీర్మానం నెగ్గింది. ఏ పెద్దమనిషి వద్దన్నందుకు అది బాపట్లలో ఆగిందో, ఆ పెద్దమనిషి కూర్చున్న సభలోనే నెగ్గింది.

యాదృచ్ఛికమేమో? పెద్దవాడు గనుక పిలిచారేమో? అలా అనుకునేవాళ్లు తర్వాతి రెండేళ్లు చూడాలి. 1915లో విశాఖపట్నం. పానుగంటి రామరాయణింగారు, తర్వాత్తర్వాత పానగల్ రాజాగా పేరుమోసిన ఆయన, అధ్యక్షత వహించారు. 1916లో కాకినాడ. ఆ ఏడు కుర్చీలో కూర్చున్నది ఎవరు?

మోచర్ల రామచంద్రరావు పంతులు. బాపట్లలో న్యాపతివారి తర్వాత లేచి వద్దన్న రెండో మనిషి.

1917లో మహాసభను ఏకంగా దత్త మండలాల నడిగడ్డకే తీసుకెళ్లారు. కడప. అధ్యక్షుడు నేమలి పట్టాభిరామారావు. అనుమానం ఎక్కడుందో సభ అక్కడికే నడిచి వెళ్లింది. బతిమాలడమని దానికి కొందరు పేరు పెట్టొచ్చు, పెట్టనివ్వండి.

అదే ఏడు కలకత్తాలో అసలు పరీక్ష ఎదురైంది. ఆంధ్రకు ప్రత్యేకంగా కాంగ్రెస్ శాఖ ఇవ్వాలా వద్దా? ఆ ఏడు కాంగ్రెస్ అధ్యక్షురాలు అనిబిసెంట్. ఆమె గట్టిగా కాదన్నారు. గాంధీగారు సంస్కరణలు వచ్చేదాకా ఆగితే మంచిదన్నారు. కాదన్న మాట ఇప్పుడు తెలుగువాళ్ల లోపలి నుంచి రాలేదు, పైనుంచి వచ్చింది. అటు లోకమాన్య తిలక్ మాత్రం తెలుగువాళ్ల వైపు నిలిచారు. చర్చ గంటల తరబడి సాగింది. బాపట్లలోనే రెండు ముక్కలై ఉంటే ఈ గదిలోకి ఎవరు వచ్చేవాళ్లు, ఏ మొహంతో అడిగేవాళ్లు? పట్టు వదల్లేదు. నెగ్గారు.

1918 జనవరి 22. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘం పుట్టింది. రాష్ట్రం ఇంకా రాలేదు. రావడానికి ముప్పై అయిదేళ్లు పడుతుంది. కానీ ఆ పేరుతో ఒక సంఘం, ఒక ఆఫీసు, రెండు పదవులు వచ్చాయి. కార్యదర్శి కొండా వెంకటప్పయ్య. అధ్యక్షుడు న్యాపతి సుబ్బారావు. పట్టుకుని తిరిగిన మనిషీ, పట్టొద్దన్న మనిషీ ఒకే బల్లకు రెండువైపులా కూర్చున్నారు.

సరిగ్గా పదిహేను రోజులకు, ఫిబ్రవరి 6న, బాపట్ల సభకు అధ్యక్షత వహించిన నరసింహేశ్వర శర్మ ఢిల్లీలో కేంద్ర శాసన మండలిలో లేచారు. భాషల వారీగా రాష్ట్రాలు చెయ్యమన్నారు. ఆ తీర్మానం వీగిపోయింది.

*

మూడో మనిషి మిగిలారు. గుత్తి కేశవ పిళ్లై. ఆయన అడిగిన ప్రశ్న కూడా మిగిలింది.

పెద్దమనిషికి కుర్చీ వేస్తే గౌరవం దక్కుతుంది. ప్రశ్నకు కుర్చీ వేస్తే సరిపోదు. నీళ్లెవరికి, కాలేజీ ఎక్కడ, రాజధాని ఎక్కడ? 1914లో నోటిమాటగా ఇచ్చిన జవాబులు ఏళ్లు గడిచేకొద్దీ పలచబడ్డాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. బెజవాడలో మొదలై వాల్తేరు చేరింది. కోస్తా నుంచి కోస్తాకే. సీమ భగ్గుమంది. చూశారా, మేము అప్పుడే చెప్పాం కదా అన్నారు. అన్నవాళ్లది తప్పు కాదు. ఇన్నేళ్ల ఓపికా ఒక్క విశ్వవిద్యాలయం దగ్గర ఒరిగిపోయేలా ఉంది.

1937 నవంబర్ 16. మద్రాసు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్. అమృతాంజనం సీసాతో, ‘ఆంధ్రపత్రిక’తో తెలుగువాళ్లందరికీ తెలిసిన ఇల్లు. అటు కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు. ఇటు భోగరాజు పట్టాభి, వెంకటప్పయ్య. వెంకటప్పయ్యకు అప్పటికి డెబ్భై ఒకటి. కేశవ పిళ్లై అప్పటికి లేరు.

ఈసారి నోటిమాట కుదరదన్నారు. రాయమన్నారు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో పదేళ్ల పాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, సీమకు ముందు చోటు. విశ్వవిద్యాలయానికి అనంతపురంలో కేంద్రం. శాసనసభ సీట్లు జిల్లాకు సమానంగా. రాజధాని, హైకోర్టు ఒకచోట ఉండవు, ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు. ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమవాళ్లది.

ఆఖరి షరతు దగ్గర కోస్తావాళ్లు గుటక మింగి ఉంటారు. ఏది కావాలో వాళ్లే ఎంచుకుంటారట! వాళ్లు రాజధాని కావాలంటే?

సంతకాలు పడ్డాయి.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. వెంకటప్పయ్య చూడలేదు, 1949 ఆగస్టు 15న పోయారు. సీమవాళ్లు ఎంచుకున్నారు. రాజధాని తుంగభద్ర ఒడ్డున కర్నూలుకు వెళ్లింది. గుంటూరుకు దక్కింది హైకోర్టు. 1954 జూలైలో వచ్చింది. 1956 నవంబరులో అదీ హైదరాబాదుకు వెళ్లిపోయింది.